ఎల్రాయ్ బండికి నేనే మెకానిక్‌ని

ఏప్రిల్ 6

మా ఆయన ఎల్రాయ్‌ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి వారమైంది. పక్షవాతం కుడి చేతినీ, కుడి కాలినీ, మాటనీ తీసుకుపోయింది. తెలివికి మాత్రం ఏమీ కాలేదని డాక్టరు నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పాడు. "అన్నీ అర్థమవుతాయి ఆర్డిస్. చెప్పలేడు, అంతే. ఆయన ముందు ఏం మాట్లాడినా కాస్త చూసుకుని మాట్లాడండి."

చూసుకునే మాట్లాడుతున్నాను.

గడ్డం నేనే గీశాను. ఉడికించిన బంగాళదుంపలు మెత్తగా నలిపి తినిపించాను. మెడ మీదికి కారితే తుడిచాను. నాకంటే బాగా ఎవరు చూసుకుంటారు? చర్చిలో అందరూ అదే మాట అన్నారు.

ఏప్రిల్ 10

వాన వదలడం లేదు. షెడ్డు కప్పు కారుతోందేమోనని వెళ్ళి చూశాను. కారుతోంది. ఆ ధార సరిగ్గా వెళ్ళి ఎల్రాయ్ ఎర్ర ట్రాక్టర్ బండి మీదే పడుతోంది.

జనవరిలో ఎల్రాయ్ దాని ఇంజన్ మీది మూత, హెడ్, విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో పడిపోయాడు. అప్పటినుంచి ఆ సిలిండరు నోరు తెరుచుకునే ఉంది. నీళ్ళు నిండి పిస్టన్ తుప్పు పట్టి గోడకి అతుక్కుపోయింది. చేత్తో తిప్పి చూశాను, కదల్లేదు.

షెడ్డులో పాత గార్డెన్ ట్రాక్టర్లు ఇంకా చాలా ఉన్నాయి. నడుమెత్తు బండ్లు, ఒకే సిలిండరు, మా నాన్నల కాలంలో గడ్డి కోయడానికీ మంచు తోయడానికీ కొన్నవి. పేపరు మిల్లులో పని చేసిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా, ఎల్రాయ్ వాటితోనే బతికాడు. ప్రాణం మాత్రం ఈ ఎర్రదాని మీద. దాని ఒంటి మీద ఉన్నది ఫ్యాక్టరీలో వేసిన రంగు. అరవై ఏళ్ళుగా దానికి మళ్ళీ కుంచె తగల్లేదు. వెలిసిపోయి, గీతలు పడి, మొదటి యజమాని మోకాలు రాసుకున్న చోట ఇనుము బయటపడి ఉంటుంది. మా విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తం మీద ఇలాంటిది ఇంకోటి లేదట. పాత ట్రాక్టర్ల క్లబ్బు మగాళ్ళు దాని చుట్టూ గొంతు తగ్గించి మాట్లాడతారు.

నన్ను దాని మీద ఒక్కసారి కూడా కూర్చోనివ్వలేదు. "ఆ సీటు కింద స్ప్రింగు మనుషుల కోసం పెట్టింది, ఆవుల కోసం కాదు" అని ఒక ఏడాది సంతలో అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 11

బాగుచేస్తాను. నేనే. ఆగస్టు సంతలో క్లబ్బు ఊరేగింపు ఉంటుంది కదా, అందులో ఎర్ర బండి నేనే నడుపుతాను. ఎల్రాయ్ కంచె దగ్గర కూర్చుని చూస్తాడు.

ఇదంతా అతని కోసమే. తన బండి మళ్ళీ కదలడం చూస్తే మనిషికి హుషారొస్తుంది.

పొద్దున కాఫీ తాగిస్తూ ఈ సంగతి చెప్పాను. ఎడమ చేత్తో కప్పు తోసేశాడు. సంతోషం పట్టలేకపోయినట్టున్నాడు.

ఏప్రిల్ 19

చక్రాల కుర్చీని షెడ్డులోకి తోసి, బ్రేకు వేసి, దుప్పటి కప్పి, బండికి ఎదురుగా పెట్టాను. ఊరికే కిటికీలోంచి పక్షుల్ని చూస్తూ కూర్చోవడం కంటే నయం కదా.

పెళ్ళయినప్పటినుంచి ఈ షెడ్డులో పానాలు అందించడమే నా పని. తప్పు పానా అందిస్తే దాన్ని తలుపులోంచి బయట గడ్డిలోకి విసిరేసేవాడు. "వెళ్ళు, తెచ్చుకో" అని ఈల వేసేవాడు. మంచులో కూడా వెతుక్కున్నాను. నార్బర్ట్ జాస్ట్రో, క్లబ్బు ప్రెసిడెంటు, ఒకసారి అది చూసి పకపకా నవ్వాడు. "మీ ఇద్దరూ భలే జంటరా బాబూ" అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషినని నాకు అప్పటికే పేరు.

అతుక్కుపోయిన పిస్టన్‌ని ఎలా తియ్యాలో నాకు తెలుసు. కిరోసిన్, నూనె కలిపి పోసి, నానబెట్టి, కర్ర దిమ్మ ఆనించి దాని మీద మెల్లగా తట్టాలి. తొందర పడకూడదు. ఎల్రాయ్ పద్ధతి అదే. ఆ నూనె కలిపింది ఎప్పుడూ నేనే.

ఇవాళ కర్ర దిమ్మ లేకుండా సుత్తి ఎత్తాను. ఎల్రాయ్ అరిచాడు. మాట కాదు, దూడ అరిచినట్టు. మొహం కందిపోయింది, ఎడమ చెయ్యి కుర్చీని దబదబా బాదింది.

గొంతుకి పని చెప్పాలని డాక్టరు అన్నాడు. అందుకని ఇంకోసారి సుత్తి ఎత్తాను.

తర్వాత దిమ్మ పెట్టుకునే కొట్టాననుకో.

ఏప్రిల్ 27

పిస్టన్ ఊడింది. ఎంత ఆనందంగా ఉందో ఎవరికీ చెప్పలేను. గోర్ల సందుల్లో నల్లటి జిడ్డు. భోజనం చేస్తూ నా చేతుల్ని నేనే చూసుకున్నాను.

మే 2

షెల్బీ వచ్చింది. మాట నేర్పడానికి వారానికోసారి వచ్చే అమ్మాయి. ఈసారి ఒక అట్ట తెచ్చింది. దాని మీద అక్షరాలు పెద్దవిగా, కింద బొమ్మలు. నీళ్ళు, నొప్పి, బాత్రూము, అవును, కాదు.

"ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా. వేలు పెట్టి చూపిస్తే చాలు ఆర్డిస్. రోజూ ఒక అరగంట కూర్చోండి. ఈయనకి చెప్పాల్సింది చాలా ఉన్నట్టుంది, చూడండి ఆ కళ్ళు."

చూశాను. కళ్ళు ఆ అట్టని మింగేసేటట్టున్నాయి.

ఆమె వెళ్ళాక అట్టని ఫ్రిజ్ మీద పెట్టాను, గోడ వైపుకి. నా చేతులకి ఎప్పుడూ గ్రీజే, పాడైపోతుంది. ఇంటి పనులు తెమిలాక తీస్తాను.

మే 9

"అట్టతో కూర్చుంటున్నారా?" అంది షెల్బీ.

"కూర్చుంటున్నాం. పాపం, ఆయనకి ఆసక్తి లేదు" అన్నాను.

ఎల్రాయ్ అరిచాడు. "చూశావా, దాని పేరెత్తితేనే చిరాకు" అన్నాను. ఆమె అతని భుజం నిమిరి వెళ్ళిపోయింది.

మే 17

ఇంజన్ బిగించడం మొదలుపెట్టాను. పిస్టన్‌కి కొత్త రింగులు వేశాను. పిస్టన్ కింద ఉండే రాడ్‌కి అడుగున రెండు ముక్కలుంటాయి, పై సగం, కింది సగం. మధ్యలో ఇంజన్ ఇరుసు, క్రాంకు, పెట్టి రెండు బోల్టులతో బిగించాలి. సిలిండరు కింద చెయ్యి పట్టే చోటు లేదు. వీపు మీద పడుకుని, కళ్ళకి కనపడకుండా, వేళ్ళతోనే బిగించాను. ఎల్రాయ్ ఒళ్ళు పెరిగాక ఆ పని నాతోనే చేయించేవాడు, "నీ చేతులు సన్నం, దూరు" అని. మార్గం అతను చెప్పేవాడు, చెయ్యి నాది.

బోల్టు బిగుస్తుంటే ఎల్రాయ్ మొదలుపెట్టాడు. రెండు వేళ్ళు జోడించి చూపించాడు. మళ్ళీ మళ్ళీ అదే. రెండు వేళ్ళు, పక్కపక్కన, ఒకే వైపు. తర్వాత చెయ్యి తిరగేశాడు. నా వైపు, బండి వైపు, మళ్ళీ రెండు వేళ్ళు.

"ఏంటి ఎల్రాయ్? రెండు బిస్కెట్లా?"

అరిచాడు.

"సరే సరే. అంత కంగారెందుకు."

ఇంట్లోకి వెళ్ళి రెండు అల్లం బిస్కెట్లు తెచ్చి ఒళ్ళో పెట్టాను. వాటి వంక చూశాడు. నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఒక బిస్కెట్ తీసుకుని నెమ్మదిగా కొరికి తిన్నాడు.

మే 18

ఇవాళ ఒక్కసారి కూడా అరవలేదు. హెడ్ బిగించాను, గాస్కెట్ కొత్తది. చేత్తో తిప్పితే ఇంజన్ చాలా బిగువుగా తిరిగింది. కొత్తగా బిగించింది కదా, అలాగే ఉంటుంది.

తలెత్తి చూస్తే ఎల్రాయ్ సగం నోటితో నవ్వుతున్నాడు. మెచ్చుకుంటున్నాడేమో. ఇన్నేళ్ళకి.

జూన్ 1

స్టార్టయింది!

పాయింట్ల మధ్య ఎడం సరిచేశాను, ప్లగ్గు మార్చాను, కార్బొరేటర్ కడిగాను. తాడు లాగగా లాగగా భుజం ఊడుతుందనుకున్నాను. ఒక్కసారి తుమ్మి, పొగ కక్కి, టకటకా అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఎల్రాయ్ కుర్చీ చుట్టూ తిరిగాను, "నేనే చేశాను, నేనే" అంటూ. అతను తల ఊపాడు. అవునన్నట్టు.

వెంటనే ఆపేశాను. సంత దాకా ఎక్కువ తిప్పను. రింగులు కుదురుకోవాలి.

జూన్ 14

నార్బర్ట్ వచ్చాడు. బీరు డబ్బాలు తెచ్చాడు, ఎల్రాయ్‌కి స్ట్రా వేసి ఇచ్చాడు. తర్వాత బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నువ్వే చేశావా ఇదంతా? నిజంగానా? ఎవర్నైనా పెట్టుకున్నావేమో అనుకున్నాను."

"పెట్టుకోలేదు."

"అమ్మో ఆర్డిస్." తల గోక్కున్నాడు. "బాగుంది. సంతకి తీసుకురా. ఇంకోటి అడగనా? ఆ మూల పెయింటు డబ్బాలున్నాయి ఎందుకు?"

"రంగు వేద్దామని."

బీరు డబ్బా కింద పెట్టేశాడు. "వద్దు తల్లీ. నీకు దణ్ణం పెడతాను. దాని విలువంతా ఆ పాత రంగులోనే ఉంది. ఒకసారి కప్పేశావంటే మళ్ళీ రాదు. నువ్వేమన్నా తెలియనిదానివా?"

"ఎల్రాయ్‌కి నచ్చుతుంది. అడుగు కావాలంటే."

నార్బర్ట్ ఎల్రాయ్ వైపు చూశాడు. ఎల్రాయ్ అప్పటికే అరుస్తున్నాడు, ముక్కులోంచి బీరు కారుతోంది. నార్బర్ట్‌కి ఏం చెయ్యాలో తోచక టోపీ పెట్టుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, "వాడు వద్దంటున్నాడు ఆర్డిస్, నాకే తెలుస్తోంది" అన్నాడు.

"మాట్లాడలేని మనిషి మనసు నీకు ఎలా తెలిసింది?" అన్నాను.

జూన్ 20

సాండ్ పేపర్‌తో గీకడం మొదలుపెట్టాను. ఎర్రటి పొడి. ఎల్రాయ్ చొక్కా మీద, కనురెప్పల మీద కూడా పడింది. సాయంత్రం స్నానం చేయించాను.

జూన్ 23

రంగు వేశాను. అచ్చం చెర్రీ పండులా నిగనిగలాడుతోంది. నా మొహం కనిపిస్తోంది అందులో.

ఎల్రాయ్ కళ్ళల్లోంచి నీళ్ళు. రంగు వాసన పడలేదేమో. తలుపు తీసి పెట్టాను.

జూలై 4

స్వాతంత్ర్య దినం బాణసంచా. ఇద్దరం చూశాం. అతను నా వైపు చూడలేదు.

జూలై 20

నార్బర్ట్ ఫోన్ చేశాడు. మా క్లబ్బు హార్లన్ డీట్జ్ మార్చిలో పోయాడు కదా, ఈసారి ఊరేగింపులో ముందు వెళ్ళేది అతని బండేనట. మా క్లబ్బులో ఆ ఆచారం ఎప్పటినుంచో ఉంది. పోయినవాళ్ళ బండిని ఇంకో బండితో లాగుతారు. సీటు ఖాళీగా ఉంచి, దాని మీద ఆ మనిషి టోపీ పెడతారు. పెళ్ళాం పక్కన నడుస్తుంది. దారి పొడుగునా మగాళ్ళు టోపీలు తీసి గుండెకి ఆనిస్తారు. ఎవరూ మాట్లాడరు. ఎంత చేతగాని మనిషికైనా ఆ ఒక్క రోజు మర్యాద దక్కుతుంది.

"హార్లన్ బండిని నేనే లాగుతున్నాను. నువ్వు వెనక ఎనిమిదోదానివి" అన్నాడు నార్బర్ట్.

"ఎల్రాయ్‌ని ఎక్కడ కూర్చోపెట్టను?"

"కంచె దగ్గర, నీడ చూసి కూర్చోపెట్టు. పాపం, వాడికి చూడాలని ఉంటుంది."

ఉంటుంది. ఈమధ్య సంత అనే మాట వినపడితే చాలు, సగం నోరు నవ్వుతోంది. మనసు మారింది.

ఆగస్టు 9

రాయకుండా పడుకోలేను.

పొద్దున్నే ఎండ దంచేసింది. నీడ దొరకలేదు. ఎల్రాయ్‌ని సంత మైదానం ట్రాక్ మలుపులో, కంచె పక్కనే పెట్టాను, క్లబ్బు టోపీ నెత్తిన పెట్టి. కొత్త చొక్కా వేసుకున్నాను. జుట్టు కట్టించుకున్నాను. బండి ఎక్కితే సీటు కింద స్ప్రింగు కాస్త దిగి ఆగింది. ఏం కాలేదు దానికి. నా బరువు మోసింది.

హార్లన్ బండి వెళ్ళింది, టోపీలు లేచాయి. తర్వాత ఒక్కొక్కటే. నా వంతొచ్చింది. మైకులో "ఆర్డిస్ క్రూగర్, ఇంజన్ తానే బాగుచేసుకుంది" అన్నారు. చప్పట్లు కొట్టారు. నా కోసం. కొట్టినవాళ్ళలో సగంమంది నేను గడ్డిలో పానాలు వెతుక్కోవడం చూసినవాళ్ళే. కళ్ళు చెమర్చాయి. ఆ రెండు నిమిషాల కోసమే ఈ ఏడాది బతికానేమో.

మలుపు దగ్గర కొంచెం ఎత్తు ఎక్కాలి. అక్కడ ఇంజన్‌లో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. గేరు తగ్గించేలోపే పెద్ద శబ్దం. రాడ్ విరిగి ఇంజన్ పక్క గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. నల్లటి నూనె కొత్త రంగు మీదా, నా కొత్త చొక్కా మీదా, ట్రాక్ మీదా. బండి ఆగిపోయింది. సరిగ్గా ఎల్రాయ్ ముందు.

అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎల్రాయ్ నవ్వాడు.

ఫిబ్రవరి తర్వాత అతను గొంతెత్తి నవ్వడం అదే మొదలు. ఎక్కిళ్ళు పెట్టుకుంటూ, ఎడమ చేత్తో కుర్చీని కొడుతూ, గుక్క తిప్పుకోకుండా నవ్వాడు. పక్కన నిలబడ్డావిడ "అయ్యో, ఏడుస్తున్నాడు పాపం" అంది. ఏడుపు కాదది. నేను గడ్డిలో వంగి పానా వెతుకుతుంటే వినిపించే నవ్వు అది. నాకు తెలీదా? మిగతావాళ్ళకీ తెలిసింది. నేల చూపులు చూశారు. ఒకళ్ళిద్దరు తమకీ నవ్వొచ్చి పక్కకి తిరిగారు.

హార్లన్ బండిని దింపేసి నార్బర్ట్ వచ్చాడు. లాగే కడ్డీ ఇంకా అతని బండికే ఉంది. దాన్ని నా బండికి తగిలించి, "ఎక్కి కూర్చో ఆర్డిస్, బయటికి లాగేస్తాను" అన్నాడు.

"వద్దు, నడుస్తాను. నువ్వు ముందు చూసి పోనీ."

కంచె దగ్గరికి వెళ్ళాను. ఎల్రాయ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అతని నెత్తి మీంచి టోపీ తీశాను. ఎండకి సీటు పాడవుతుందని. టోపీని సీటు మధ్యలో పెట్టి, బండి పక్కన నడిచాను.

బయటికి వెళ్ళాలంటే ట్రాక్ చుట్టూ తిరగాలి. మలుపు అవతల ఉన్నవాళ్ళకి ఏం జరిగిందో తెలియదు. ఖాళీ సీటు కనిపించింది, టోపీ కనిపించింది, పక్కన నడుస్తున్న నేను కనిపించాను. ఒక ముసలాయన టోపీ తీశాడు. తర్వాత వరసంతా. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మైకులో మాట ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా, "మా ఎల్రాయ్ క్రూగర్. ఒక్క నిమిషం అందరం మౌనంగా ఉందాం" అని వినిపించింది. మైదానం మొత్తానికి వినిపించింది. కంచె దాకా కూడా.

నార్బర్ట్ అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. మొహం పాలిపోయింది. కానీ అందరూ టోపీలు గుండెకి ఆనించి నిలబడి ఉంటే మధ్యలో ఎలా ఆపుతాడు? చివరిదాకా లాగాడు.

పరాయి ఊరివాళ్ళు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "పోయాడని మాకు తెలియనేలేదమ్మా. ఎంత గొప్ప మెకానిక్కో." "నీకు ఓపిక ఇవ్వాలి దేవుడు."

అవునని అనలేదు. థాంక్స్ అన్నాను, అంతే.

కుర్చీ దగ్గరికి వెళ్ళేసరికి ఎల్రాయ్ నవ్వడం ఆపేశాడు. బట్టతల ఎర్రగా కాలిపోయింది. నీళ్ళు తాగించాను. తాగాడు.

ఆగస్టు 12

ఇంటి ముందు కార్లు. చావు జరిగిన ఇంటికి వండి తెచ్చేవాళ్ళు ఎవరూ ఫోన్ చేసి రారు కదా. కోడి మాంసం, నూడుల్స్ కలిపి కాల్చిన పళ్ళెం ఒకటి, హాం శాండ్‌విచ్‌ల డబ్బా ఒకటి, బీన్స్ ఒకటి. అన్నీ గుమ్మంలోనే అందుకున్నాను.

పక్క ఊరి వెర్నా స్మిట్‌కి మాత్రం బాత్రూము కావాల్సొచ్చింది. లోపలికొచ్చి పళ్ళెం బల్ల మీద పెట్టి, తిరిగి చూస్తే కిటికీ పక్కన ఎల్రాయ్. మొదట "దేవుడా" అంది. తర్వాత నన్ను చూసింది. బాత్రూముకి వెళ్ళకుండానే వెళ్ళిపోయింది. పళ్ళెం మాత్రం వదిలేసింది.

బాగుంది, జున్ను ఎక్కువ వేసింది. వేడి చేసి ఎల్రాయ్‌కి తినిపించాను. "నీ పేరు మీదే వచ్చింది, తిను" అన్నాను. తిన్నాడు. ఏ మాటకీ చేతిని కదపలేదు.

ఆగస్టు 15

నార్బర్ట్ గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బతికున్న మనిషికి చేస్తావా ఆ పని? నా చేత చేయించావు. నా చేత లాగించావు."

"టోపీ సీటు మీద పెట్టాను. అంతకంటే నేనేం చెయ్యలేదు."

"సిగ్గు లేదా నీకు?"

"మంచులో నేను పానాలు వెతుక్కునేటప్పుడు ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదేం నార్బర్ట్?"

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఈ మాట ఎల్రాయ్ వినాలని కాస్త గట్టిగానే అన్నాను. వెనక్కి తిరిగి చూశాను. అతను కిటికీ వైపు ఉన్నాడు.

ఆగస్టు 24

ఇంజన్ విప్పాను. విరిగిన రాడ్ తీసి బల్ల మీద పెట్టి చూశాను. పై సగం మీద చిన్న గీత ఉంది, కింది సగం మీదా ఉంది. ఆ రెండు గీతలూ ఒకే వైపు రావాలి. నేను కింది సగం తిరగేసి బిగించాను. నూనె అందక కాలిపోయింది.

రెండు వేళ్ళు. పక్కపక్కన. ఒకే వైపు.

ఆ రోజు అతను చెప్పాలనే చూశాడు. మర్నాటినుంచి ఊరుకున్నాడు. మే నుంచి ఆగస్టు దాకా ఊరుకున్నాడు, నవ్వుకుంటూ, ఆ రోజు కోసం.

కోపం రాలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. ఆ రాడ్‌ని తీసుకెళ్ళి అతని ఒళ్ళో పెట్టి, "గెలిచావు" అన్నాను. దాని వంక చూడలేదు. ఒళ్ళోంచి జారి కింద పడింది.

సెప్టెంబర్ 2

ఎల్రాయ్ అరిచి ఎన్నాళ్ళయిందో. తినిపిస్తే తింటాడు, తుడిస్తే తుడిపించుకుంటాడు. పళ్ళ సెట్టు తియ్యబోతే కరిచేవాడు. ఇప్పుడు నోరు తెరిచి ఉంచుతున్నాడు.

సెప్టెంబర్ 5

షెల్బీకి అనుమానమొచ్చింది. "మీరు గదిలోకి రాగానే కళ్ళు మీ వెనకే తిరిగేవి. ఇప్పుడు తిరగడం లేదు. మళ్ళీ స్ట్రోక్ వచ్చిందేమో." డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అన్ని పరీక్షలూ చేశాడు. ఏమీ లేదు. ముందున్నట్టే ఉన్నాడు. "మనిషి విసిగిపోయాడమ్మా. కొందరు అలా తలుపులేసుకుంటారు" అన్నాడు.

ఇంటికొచ్చాక షెల్బీ అటూ ఇటూ చూసి ఫ్రిజ్ మీంచి అట్ట తీసింది. దాని మీద దుమ్ము. అరచేత్తో తుడిచింది. అతని ముందు పెట్టి, ఎడమ చెయ్యి తీసి దాని మీద ఉంచింది. "చెప్పండి ఎల్రాయ్. ఏదైనా సరే. ఎవరినైనా తిట్టండి."

నేను వంటగదిలోంచి చూస్తున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఒక్కొక్క అక్షరమే ఏరుకుని నా పేరు చూపించి, దాని పక్కన ఎంత పెద్ద బూతైనా సరే.

చెయ్యి పెట్టినచోటే ఉండిపోయింది.

సెప్టెంబర్ 11

చచ్చాడని నేను ఊరందరికీ చెప్పాను. అతను సరేనన్నాడు. అంతే జరిగింది.

ఈ ఇంట్లో భరించలేకుండా ఉంది. నేను గిన్నె పడేస్తే ఎవరూ కసరరు. నలభై ఏళ్ళు ఆ కసురు వింటూ వంట చేశాను, ఇప్పుడు ఉప్పు ఎంత వెయ్యాలో కూడా తెలియడం లేదు.

సెప్టెంబర్ 14

కుర్చీని షెడ్డులోకి తోశాను. ఆకుపచ్చ బండిని మధ్యలోకి తెచ్చాను. మా పెళ్ళయిన ఏడాది కొన్నది, ఎర్రదాని తర్వాత దాని మీదే ప్రేమ. ఇత్తడి నట్టుకి వెయ్యకూడని పైపు రెంచి వేశాను. గుండ్రంగా అరిగిపోయింది. ఎల్రాయ్ ఊపిరి కూడా మారలేదు.

"చూడు, నట్టు పాడు చేశాను."

ఏమీ లేదు.

సుత్తి తీశాను. కర్ర దిమ్మ పెట్టలేదు. "దిమ్మ పెట్టలేదు ఎల్రాయ్" అన్నాను. ఫ్లైవీల్ మీద కొట్టాను. పోత ఇనుము, రెండో దెబ్బకి రెక్క విరిగి గోడకి తగిలింది. మూడో దెబ్బకి చక్రమే పగిలింది. 

కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "అరువు. ఒక్కసారి అరువు. ఆవు అను, మొద్దు అను, నీ ఇష్టం. పానా విసురు, వెళ్ళి ఎక్కణ్ణించైనా తెచ్చుకుంటాను." కాపురానికొచ్చినప్పటినుంచీ ఈ మనిషిని నేను ఏదీ బతిమాలి అడగలేదు. ఇవాళ అడిగాను. ఏడ్చాను కూడా, దాచడం దేనికి.

నా వైపే చూశాడు. నా వెనక గోడ ఎలా కనిపిస్తుందో అలాగే కనిపించి ఉంటాను.

సెప్టెంబర్ 15

పసుపు బండి బయటికి తీశాను. దాని ఇంజన్ నిరుడు అతనే కొత్తగా చేశాడు. సుత్తి పక్కన పెట్టుకుని, ఎల్రాయ్ కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరిపాను.